పక్క తడిస్తే పరువు పోదు

కెనడా బడుల్లో చాలాచోట్ల ఐదో తరగతో ఆరో తరగతో పూర్తయ్యేలోపు పిల్లల చేతికి ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపుతారు. క్లాసంతా కలిసి ఊరవతల చెరువు పక్కన క్యాబిన్లలో రెండు రాత్రులు ఉంటారు, పడవ నడుపుతారు, మంట చుట్టూ కూర్చుని మార్ష్‌మాలోలు కాల్చుకుంటారు. తల్లిదండ్రులు సంతకం పెడితే చాలు. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లోనో మిల్టన్‌లోనో ఎక్కువ తెలుగు ఇళ్ళలో ఆ సంతకం ఆ పూటే పడుతుంది. కొన్ని ఇళ్ళలో మాత్రం కాగితం ఫ్రిజ్ తలుపు మీద వారం రోజులు వేలాడి, ఆఖరికి "ఆ రోజుల్లో మాకు ఊరెళ్ళే పని ఉంది" అన్న అబద్ధంతో వెనక్కి వెళ్తుంది. పిల్లవాడికి పదేళ్ళు. లెక్కల్లో ముందుంటాడు, కీబోర్డు వాయిస్తాడు, ఐసు మీద జారకుండా స్కేటింగ్ చేస్తాడు. వారానికి రెండు మూడు రాత్రులు పక్క తడుపుతాడు. ఈ చివరి సంగతి అమ్మకీ నాన్నకీ వాడికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

అక్కడ అబద్ధంతో పనే లేదు. డాలరు ఖరీదు చేసే పుల్-అప్ ప్యాంట్లు రెండు స్లీపింగ్ బ్యాగు అడుగున పెట్టి పంపితే సరిపోయేదానికి, పిల్లవాడి చిన్నతనంలోంచి రెండు మంచి రాత్రుల్ని తీసేస్తున్నారు. ఈ వస్తువంటే తెలుగు ఇళ్ళలో ఉన్న చిన్నచూపు పోవాలి. దాని మీద ఒట్టావా ప్రభుత్వానికున్న పన్ను ఆశ కూడా పోవాలి.

ముందు ఎంతమందన్నది చూద్దాం. కెనడియన్ పీడియాట్రిక్ సొసైటీ లెక్క ప్రకారం ఐదేళ్ళ పిల్లల్లో నూటికి 10 నుంచి 15 మంది, ఎనిమిదేళ్ళ వాళ్ళలో 6 నుంచి 8 మంది రాత్రిపూట పక్క తడుపుతారు. పదిహేనేళ్ళకు అది నూటికి ఒకరిద్దరికి దిగుతుంది. అంటే పాతికమంది కూర్చున్న మూడో తరగతి గదిలో ఒకరో ఇద్దరో ఉంటారన్నమాట. ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుంటారు. మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కంటే దాదాపు రెట్టింపు.

ఇది వంశంలో వచ్చేది కూడా. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఈ ఇబ్బంది ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 44 శాతం. ఇద్దరికీ ఉంటే 77. ఇద్దరికీ లేకపోతే 15. డెన్మార్క్ పరిశోధకులు 1995లోనే కొన్ని కుటుంబాలను పరీక్షించి, పదమూడో క్రోమోజోముకు దీనితో సంబంధం ఉందని తేల్చారు. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని గట్టిగా అనే నాన్నగారు ఆ మాట అనేముందు ఊళ్ళో ఉన్న తన తల్లికి ఒక ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. చాలా ఇళ్ళలో గుట్టు అక్కడే బయటపడుతుంది.

కారణాలు మూడు. రాత్రి మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తే మూత్రం తక్కువ తయారవుతుంది. కొందరు పిల్లల్లో ఆ ఏర్పాటు ఆలస్యంగా కుదురుతుంది. రెండోది మూత్రాశయం పట్టే పరిమాణం. పిల్లల డాక్టర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: వయసుకు ఒకటి కలిపి ముప్పైతో హెచ్చవేస్తే వచ్చేది మిల్లీలీటర్లు. ఏడేళ్ళ పిల్లకు 240, మామూలు మంచినీళ్ళ గ్లాసుడు. అంతకంటే తక్కువ పట్టే పిల్లలకు రాత్రి గడవదు. మూడోది నిద్ర. మూత్రాశయం నిండిందని కబురు వెళ్ళినా మెదడు లేవదు. ఈ మూడింట్లో ఒక్కటీ పిల్లవాడి చేతిలో లేదు. బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు.

ఇక ఆ ప్యాంటు సంగతి. చూడ్డానికి మామూలు డ్రాయరే. నడుముకు ఎలాస్టిక్, ఉదయం చింపి తీసేయడానికి వీలుగా రెండు పక్కలా అతుకులు, మధ్యలో పలచటి మెత్త. ఆ మెత్తను చింపి చూస్తే దూది లాంటి గుజ్జులో చక్కెర పలుకుల్లా తెల్లటి పొడి కనిపిస్తుంది. పేరు సోడియం పాలీయాక్రిలేట్. పని అంతా దానిదే. ఈ జాతి పదార్థాల మీద 1960ల్లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పనిచేసింది పిల్లల కోసం కాదు, పొలంలో తేమ నిలవడం కోసం. ఉప్పు లేని నీళ్ళనైతే ఆ పొడి తన బరువుకు కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. మూత్రంలో లవణాలుంటాయి కాబట్టి ముప్పై రెట్ల చుట్టుపక్కల ఆగుతుంది. పీల్చిందాన్ని జెల్లీగా మార్చి పట్టి ఉంచుతుంది. మీద కూర్చున్నా బయటికి రాదు.

కెనడాకు ఈ ఆలోచన కొత్తదేం కాదు. క్రీ, ఓజిబ్వే, డెనే లాంటి ఆదివాసీ జాతుల తల్లులు బురదనేలల్లో పెరిగే స్ఫాగ్నమ్ నాచును ఏరి, ఆరబెట్టి, పసిబిడ్డలను చుట్టే సంచిలో పరిచేవారు. మాస్ బ్యాగ్ అంటారు దాన్ని. ఆ నాచు తన బరువుకు ఇరవై రెట్ల దాకా తడిని పట్టుకుంటుంది. తడిసినది పారేసి కొత్తది పెట్టేవారు. వాడి పారేసే డైపరును ఈ నేల మీద తల్లులు కంపెనీలకంటే చాలా ముందే వాడారు.

కంపెనీల కథ చిన్నది. కింబర్లీ-క్లార్క్ 1989లో పుల్-అప్స్‌ను, 1994లో పక్క తడిపే పెద్దపిల్లల కోసం గుడ్‌నైట్స్‌ను అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో డ్రైనైట్స్ పేరుతో అమ్ముతుంది. ఇప్పుడు పెద్ద సైజు 140 పౌండ్ల దాకా, అంటే 63 కిలోల పిల్లలకు సరిపోతుంది. లాభం లేనిదే ఏ కంపెనీ ఒక సైజును షెల్ఫు మీద ఉంచదు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకు కూడా కొనే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఆ అంకె ఒక్కటే చెబుతోంది.

అయినా మన ఇళ్ళలోకి ఆ ప్యాకెట్ రావాలంటే ముందు అమ్మమ్మ ఒప్పుకోవాలి. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చినవాళ్ళు 2022 జులై నుంచి ఒకేసారి ఐదేళ్ళ వరకూ ఉండవచ్చు. పిల్లల పెంపకంలో ఆమె మాట చెల్లుతుంది, చెల్లాలి కూడా. "ఇంత పెద్దాడికి డైపరేంటే? అలవాటైపోతుంది. రోజూ నువ్వులూ బెల్లం కలిపి ఉండ చేసి పెట్టు, రాత్రి రెండుసార్లు లేపు" అంటుంది. ఆమె కొట్టమనట్లేదు, వాత పెడతానని బెదిరించట్లేదు. తిండి పెట్టమంటోంది. ఆ ప్రేమను ఎవరూ కాదనరు. కాకపోతే ఆమె తన పిల్లల్ని పెంచిన చోట తడిసిన బొంతను డాబా మీద ఆరేస్తే మధ్యాహ్నానికి ఫెళఫెళలాడేది. చాప అయితే కడిగి నిలబెడితే చాలు. ఇక్కడ జనవరి. బయట మైనస్ ఇరవై. మందపాటి కంఫర్టర్ ఉతికి డ్రయ్యర్లో వేస్తే గంటన్నర. అద్దె బేస్‌మెంట్లో ఉన్నవాళ్ళకు ఇంటాయన వాషింగ్ మెషీన్ వాడుకోనిచ్చేది వారానికి ఒకటో రెండో రోజులు. పరుపులోకి దిగిన తడి వసంతం దాకా వాసన కొడుతుంది. ఉదయం ఏడింటికి ఒకరు ఆఫీసుకు గో ట్రెయిన్ ఎక్కాలి, ఎనిమిదిన్నరకు పిల్లలు స్కూలు బస్సు ఎక్కాలి. తెల్లవారుజామున మూడింటికి దుప్పట్లు మార్చి మళ్ళీ పడుకున్న తల్లికి ఆ పగలు ఎలా గడుస్తుందో చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు విసుక్కుంటారు, ఆ విసుగు ఎవరి మీద పడుతుందో కూడా తెలిసిందే.

అలవాటైపోతుందన్న భయం అమ్మమ్మలదే కాదు. ఇంట్లో ఉన్నప్పుడు వద్దు, బయట పడుకున్నప్పుడు మాత్రం వేయండి అనే పిల్లల డాక్టర్లు ఉన్నారు. పొడిగా ఉంటే లేవాలన్న పట్టుదల తగ్గుతుందని వాళ్ళ వాదన. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2010లో ఇంకోలా చెప్పింది: పగలు శుభ్రంగా టాయిలెట్‌కు వెళ్ళే పిల్లలను కొన్ని రాత్రులు డైపర్ లేకుండా పడుకోబెట్టి చూడమంది. ఇది సబబైన సలహా. వేసవి సెలవుల్లో, ఎవరికీ తొందర లేని వారంలో, పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవరు వేసి ప్రయత్నించాలి. పొడి రాత్రులు వస్తే సంతోషం. రాకపోతే వాడిని ఓడిపోయినవాడిలా చూడకుండా మళ్ళీ ప్యాంటు తొడగాలి. ఎందుకంటే ఏ మందూ లేకుండానే ఏటా ఇలాంటి పిల్లల్లో నూటికి పదిహేను మందికి దానంతటదే తగ్గిపోతుంది. నువ్వులుండలకు వచ్చిన పేరులో కొంత భాగం ఈ పదిహేను మందిదే.

అవమానించి మాన్పించాలని చూసిన చోట ఏం జరిగిందో కెనడాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1990ల దాకా లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. జస్టిస్ మర్రీ సింక్లెయిర్ అధ్యక్షతన పనిచేసిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ ముందు ఆరువేల మందికి పైగా మాట్లాడారు. వాళ్ళలో ముసలివాళ్ళయ్యాక కూడా మరిచిపోలేక చెప్పిన సంగతుల్లో పక్క తడిపినందుకు పడ్డ శిక్షలు ఉన్నాయి. తడి దుప్పటిని మోసుకుంటూ అందరి ముందూ నడవాలి, దాన్ని తలమీద కప్పుకొని నిలబడాలి, దెబ్బలు తినాలి. అమ్మానాన్నలకు దూరమై భయంతో పడుకున్న ఐదారేళ్ళ పిల్లలు వాళ్ళు. భయమే పక్క తడిపించింది, శిక్ష ఆ భయాన్ని పెంచింది. కమిషన్ 2015లో చేసిన 94 సిఫార్సుల్లో ఆరోది, క్రమశిక్షణ పేరుతో పిల్లలపై బలప్రయోగాన్ని అనుమతించే క్రిమినల్ కోడ్ 43వ సెక్షన్‌ను రద్దు చేయమని. అంతకుముందే, 2004లో, కెనడా సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌కు గట్టి హద్దులు గీసింది. రెండేళ్ళలోపు, పన్నెండేళ్ళు దాటిన పిల్లల మీద చెయ్యి వేయకూడదు. వస్తువుతో కొట్టకూడదు. తలమీద కొట్టకూడదు. పక్క తడిపినందుకు రెండు అంటిస్తే దారికొస్తాడు అనుకునే తండ్రులు తెలుసుకోవాల్సిన తీర్పు ఇది.

అవమానానికి హాస్టలే అక్కర్లేదు, సొంత ఇల్లు చాలు. బొనాంజా సీరియల్లో ఒట్టావాలో పుట్టిన లోర్న్ గ్రీన్‌కు కొడుకుగా నటించిన మైఖేల్ లాండన్, 1976లో ది లోన్‌లియెస్ట్ రన్నర్ అనే టీవీ సినిమా రాసి తీశాడు. పక్క తడిపే కుర్రాడికి సిగ్గు రావాలని తల్లి తడి దుప్పటిని వీధి కిటికీకి వేలాడదీస్తుంది. వాడు రోజూ బడి వదలగానే, స్నేహితులు ఆ దారిన రాకముందే దాన్ని లాగేయడానికి ఇంటికి పరుగెడతాడు. అది లాండన్ తన చిన్నతనంలో అనుభవించినదే. అదే ఇబ్బందితో పెరిగిన హాస్యనటి సారా సిల్వర్‌మన్ 2010లో తన ఆత్మకథకు ది బెడ్‌వెటర్ అనే పేరే పెట్టింది. స్లీపింగ్ బ్యాగులో డైపర్లు దాచుకుని సమ్మర్ క్యాంపుకు వెళ్ళిన కథ ఆమెది. భయపడుతూనే వెళ్ళింది. కానీ వెళ్ళింది.

ఇంతా చెప్పి ప్యాంటే వైద్యమని అనుకుంటే పొరపాటు. అది పొడిగా పడుకోబెడుతుంది, అంతవరకే. ప్యాకెట్ కొనడం మొదలుపెట్టాక డాక్టరు ఊసే ఎత్తని ఇళ్ళు ఉన్నాయి. గుట్టు భద్రంగా ఉంది కదా అని ఏళ్ళు గడిపేస్తారు. అది రెండో తప్పు. తడి తగలగానే మోగే అలారాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మౌరర్ దంపతులు 1938లోనే వివరించారు. మూడు నాలుగు నెలలు ఓపికగా వాడితే మూడింట రెండు వంతుల పిల్లలకు పనిచేస్తుంది. మొదట్లో ఆ మోతకు పిల్లవాడు తప్ప ఇల్లంతా లేస్తుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. డెస్మోప్రెసిన్ మాత్ర ఉంది. క్యాంపు, బంధువుల ఇంట పెళ్ళి లాంటి కొద్దిరోజుల అవసరాలకు అది పనికొస్తుందని కెనడా పిల్లల డాక్టర్లు చెబుతారు. మాత్ర వేసుకున్న రాత్రి మాత్రం నీళ్ళు బాగా తగ్గించాలి, లేకపోతే రక్తంలో సోడియం పడిపోతుంది. ఈ ప్రమాదం వల్లే ముక్కులో కొట్టే అదే మందును పక్క తడపడానికి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది.

మన ఇళ్ళలో ఎవరూ ఊహించని కారణం మలబద్ధకం. మాంట్రియల్‌లోని సెయింట్-జస్టిన్ పిల్లల ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్ షాన్ ఓ'రీగన్ బృందం 1986లో దీన్ని బయటపెట్టింది. నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. పేగు ఖాళీ చేయించే వైద్యం చేశాక పిల్లల పక్కలు పొడిబారడం వాళ్ళు గమనించారు. బడి టాయిలెట్ నచ్చక సాయంత్రం దాకా బిగబట్టుకొని, కూరలు తోసేసి చీజ్ పిజ్జా తినే మన పిల్లల్లో ముందు చూడాల్సింది ఇదే. అమ్మమ్మ నువ్వులుండలో పీచు ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆమెకూ మార్కులు వేయాలి.

ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి పక్క తడపడం మొదలుపెడితే ఆలస్యం చేయకూడదు. కొత్త దేశం, కొత్త బడి, చెల్లెలు పుట్టడం లాంటి దిగులు కావచ్చు. దాంతోపాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం, నీరసం ఉంటే అది టైప్ 1 షుగరు కావచ్చు, ఆ రోజే చూపించాలి. ఇన్సులిన్‌ను మొట్టమొదట 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఎక్కించింది టొరంటో ఆస్పత్రిలోనే. ఆ నగరం పక్కన ఉంటూ ఆ లక్షణాలను గుర్తించకపోవడం అన్యాయం. పగలు కూడా తడుస్తున్నా, మూత్రం పోస్తుంటే మంట ఉన్నా, రాత్రి గట్టిగా గురక పెడుతున్నా డాక్టరుకు చెప్పాల్సిందే. ఫ్యామిలీ డాక్టర్ దొరకలేదన్నది ఇక్కడ నిజమైన కష్టమే. ఒంటారియోలో, అల్బర్టాలో, బ్రిటిష్ కొలంబియాలో 811కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది.

చెత్త మాటేమిటి అని అడిగేవాళ్ళు ఉంటారు, అడగాలి. రోజుకొకటి చొప్పున ఏడాదికి మూడువందల పైచిలుకు ప్యాంట్లు చెత్తలోకి పోతాయి. టొరంటో నగరం డైపర్లను గ్రీన్ బిన్‌లో వేయనిస్తుంది. గాలి తగలకుండా కుళ్ళబెట్టి గ్యాసు తీస్తారు, ప్లాస్టిక్ మాత్రం చివరికి చెత్తదిబ్బకే పోతుంది. అన్ని ఊళ్ళలో ఆ వీలు కూడా లేదు. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాంట్లు దొరుకుతాయి. ఇంట్లో సొంత వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్ళు వాటిని ఆలోచించాలి. బేస్‌మెంట్ అద్దె ఇంటి తల్లికి మాత్రం ఈ పాఠం చెప్పడానికి ఎవరూ తొందరపడకూడదు.

ఇక పన్ను. ఒంటారియోలో పిల్లల డైపర్ల మీద రాష్ట్ర వాటా 8 శాతం వసూలు చేయరు. కేంద్రం 5 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. 2024 డిసెంబర్ 14 నుంచి 2025 ఫిబ్రవరి 15 దాకా ఒట్టావా ఇచ్చిన పన్ను సెలవులో పిల్లల డైపర్లను కూడా చేర్చింది. బొమ్మలు, కేకులు, బీరు పక్కన పెట్టిన ఆ రెండు నెలల దయ ఫిబ్రవరి 16 ఉదయానికి అయిపోయింది. పిల్లలు ఫిబ్రవరి 16 నుంచి పక్క తడపడం మానలేదు. ప్యాంటు డాలరు చొప్పున లెక్కేస్తే ఇంటికి ఏడాదికి పన్ను పద్దెనిమిది డాలర్లు. పెద్ద మొత్తం కాదని ఆర్థికశాఖ అనవచ్చు. అంత చిన్న మొత్తాన్ని వదులుకోవడానికి వాళ్ళకు అభ్యంతరం ఏమిటన్నదే ప్రశ్న. మహిళల శానిటరీ ప్యాడ్ల మీద జీఎస్టీని కెనడా 2015 జులై 1న ఎత్తేసింది, సంతకాలు సేకరించి పట్టుబట్టాక. భారతదేశం 2018లో అదే పని చేసింది, 2025 సెప్టెంబర్‌లో డైపర్ల మీద పన్నును 12 నుంచి 5 శాతానికి దించింది.

ఉగాదికీ సంక్రాంతికీ వేదిక మీదికి ఎంపీలను పిలిచి శాలువా కప్పే తెలుగు సంఘాలు టొరంటోలో, కాల్గరీలో, ఎడ్మంటన్‌లో ఉన్నాయి. వచ్చే పండక్కి శాలువాతోపాటు ఒక వినతిపత్రం కూడా చేతిలో పెట్టండి: పిల్లల డైపర్ల మీద, రాత్రి ప్యాంట్ల మీద ఉన్న 5 శాతాన్ని శాశ్వతంగా తీసేయమని. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద క్యాంపు కాగితం వేలాడుతుంటే దాని మీద ఈ రాత్రే సంతకం పెట్టండి.